దుర్ముహూర్తం దాటాక

ఇవాళ గురువారం, దశమి, దుర్ముహూర్తం దాటిపోయింది, రాహుకాలం ఇంకా రాలేదు, రోజుకు వంక పెట్టడానికి లేదు, నేనే చూశాను, నేను చూసిన రోజుకు మా ఇంట్లో ఇంతవరకు ఎవరూ వంక పెట్టలేదు. అయినా పొద్దుటి నుంచి వేళ లెక్కపెడుతూనే ఉన్నాను. రిజిస్ట్రేషన్ ఆఫీసు వరండాలో బల్ల మీద అన్నయ్య, పక్కన నేను, అన్నయ్యకు అవతల పక్క ఆయన పెద్దకొడుకు సదానందం, ఒళ్లో కాగితాల సంచి. అన్నయ్య తువ్వాలు కొస పట్టుకుని మెలిపెడుతున్నాడు, విప్పుతున్నాడు, మళ్లీ మెలిపెడుతున్నాడు. మట్టెవాడలో తాళ్ల దుకాణం నడిపిన చేతులు కదా, ఏది దొరికినా తాడే అనుకుంటాయి. కాసేపట్లో లోపలికి పిలుస్తారు. లోపల ఆఫీసరమ్మ మూడు ముక్కలు అడుగుతుంది, ఏం ఇస్తున్నావు, ఎవరికి ఇస్తున్నావు, ఇష్టంతోనే ఇస్తున్నావా అని. ఇంటి వెనక రెండు గదులు మా చెల్లెలు అనసూయకు ఇస్తున్నానని అన్నయ్య తన నోటితో చెప్పి మిషను మీద వేలు పెట్టాలి. పెడితే నాకు తల దాచుకోను చోటుంటుంది, అన్నయ్యకు నా చేతి అన్నం ఉంటుంది. పెట్టకపోతే ఇద్దరికీ లేదు. ఇంతే సంగతి. ఇంత చిన్న సంగతి మూడు ముక్కల్లో తెమిలిపోయేదాన్ని ఇక్కడిదాకా ఈడ్చుకొచ్చింది ఎవరయ్యా అంటే, ఆ మహాతల్లి కూడా ఈ బల్ల మీదే కూర్చుని ఉంది.

పొద్దున ఎంత బాగున్నాడని. టీ గ్లాసు అందిస్తే, “చక్కెర జర ఎక్కువేసినవ్ అనసూయా” అన్నాడు. పేరు పెట్టి పిలిచాడు. ఎండ ఇంకా అరుగు ఎక్కలేదు, పాలవాడితో కూడా మాట్లాడాడు, వాళ్ల నాన్న మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగాడు. ఆ తర్వాత ఎప్పటిలాగే గోడ క్యాలెండర్ వైపు చూసి, “ఇయ్యాల రోజెట్లున్నది?” అన్నాడు. “మంచిగున్నదన్నా, రిజిస్ట్రేషన్‌కు పోతానం” అంటే, “ఎన్క అర్రలు నీకు రాసుడే గదా, నాకు యాదున్నది తియ్” అని నవ్వాడు కూడాను. ఆ నవ్వు ఉన్నప్పుడే లేవదీసి తీసుకొస్తే ఎంత బాగుండేది. సదానందం మొదట పొద్దుటి వేళకే స్లాటు పెట్టాడు, ఆఫీసు తలుపులు తీస్తూనే మన పని అయిపోవాలని. గురువారం ఆ వేళకు దుర్ముహూర్తం ఉంటుందిరా, ఇన్నాళ్లు ఆగినవాళ్లం ఇంకాస్త ఆగలేమా, మధ్యాహ్నానికి మార్చమని నేనే అన్నాను. వాడు నా మాట కాదనడు. వాడి నాన్నే నేర్పాడు కాదనకూడదని. హనుమకొండ డాక్టరు అంత విడమరిచి చెప్పాడు, పొద్దున పూట మనిషి తేటగా ఉంటాడు, ఎండ ముదిరిన కొద్దీ మబ్బు పట్టినట్టు అవుతుంది, ఆ తేట కూడా పోనుపోను తగ్గిపోతుందని. విన్నాను. తల ఊపాను. ఇంటికొచ్చి క్యాలెండర్ చూశాను. డాక్టరు చెప్పిన మంచి గడియ ఆ క్యాలెండర్‌లో ఎక్కడా అచ్చు కాలేదు, అందుకే నా కంటికి ఆనలేదు. ఇప్పుడు ఎండ వరండా మెట్లు ఎక్కేసింది. అన్నయ్య నా వైపు కాకుండా ఎదుటి గోడ వైపు చూస్తున్నాడు.

ఎదురుగా ఒక జంట నిలబడి ఉంది, పెళ్లి నమోదు చేయించుకోవడానికి వచ్చారట. పొద్దుటి నుంచే ఉన్నారని సదానందం చెప్పాడు, అంటే దుర్ముహూర్తం నిండా వాళ్లు నవ్వుకుంటూ తిరుగుతూనే ఉన్నారన్నమాట. ఆ పిల్ల వాడి కాలర్ సరిచేస్తోంది, వాడు ఫోన్‌లో తన జుట్టు చూసుకుంటున్నాడు. ఏమీ కాదు వీళ్లకు. చల్లగా ఉంటారు. నా పెళ్లికి పంతులుగారు గడియలతో సహా లెక్కగట్టి పెట్టిన ముహూర్తం కాజీపేటలోనే గుల్లయింది, మగపెళ్లివారి రైలు రాలేదు. స్టేషన్‌కు వెళ్లినవాళ్లు వెళ్లినట్టే ఉండిపోయారు, పందిట్లో దీపాలు కొండెక్కితే మళ్లీ వెలిగించారు, చివరికి ఏదో ఒక వేళకు, ఎవరూ పేరు చెప్పడానికి ఇష్టపడని వేళకు, తాళి కట్టించారు. ఏడాది తిరగకముందే ఆయన పచ్చకామెర్లతో పోయాడు. నాటువైద్యం చేయించుకుంటూ దవాఖానకు వెళ్లకపోవడం వల్లే పోయాడని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు మాత్రం ఆ రైలే నన్ను ముంచిందనుకున్నాను, ఆ వేళే ముంచిందనుకున్నాను. ఇంకెవరి మీద కోపం తెచ్చుకోను, పోయిన మనిషి మీదనా? పుట్టింటికి తిరిగొచ్చాక గోడ మీది క్యాలెండర్ ముందు నిలబడడం నేర్చుకున్నాను. తిథి, వారం, వర్జ్యం. ఈ ఇంట్లో ఇంకెవరినీ తప్పుడు వేళ ముట్టుకోకూడదని నా పంతం.

ఆ పంతాన్ని నెత్తిన పెట్టుకున్నది మాత్రం అన్నయ్యే. పొద్దున్నే నేను ఎదురొస్తే పక్కింటివాళ్లు చెప్పులు విడిచి లోపలికెళ్లి మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరేవాళ్లు, నేను చూడనట్టు నటించేదాన్ని, వాళ్లు నేను చూడలేదన్నట్టు నటించేవాళ్లు. అన్నయ్యకు తెలిసింది. ఒకరోజు దుకాణం తీయడానికి బయల్దేరి, వాకిట్లో వాళ్లందరూ ఉండగా, గట్టిగా, వీధి వినేలా, “అనసూయా, జర ఎదురు రా. ఇయ్యాల రోజెట్లున్నది?” అని అడిగాడు. నేను కొంగు సర్దుకుని వచ్చి, “మంచిగున్నదన్నా” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆ రోజు తొర్రూరు రైతులు బండి కట్టుకుని వచ్చి పలుపులు, పగ్గాలు, బావి మోకులు దుకాణంలో ఉన్నవన్నీ ఊడ్చుకుపోయారట. సాయంత్రం నా కోసం జిలేబీ తెచ్చాడు. అప్పటి నుంచి అదే వాడుక. దుకాణంలోకి కొత్త సరుకు దించాలన్నా, సదానందానికి పుట్టువెంట్రుకలు తీయించాలన్నా, వాడు రైల్వే ఉద్యోగంలో చేరాలన్నా, “అనసూయను అడుగుండ్రి” అనేవాడు. వదిన కూడా పాపం ఏమీ అనేది కాదు, కన్నుమూసేముందు పిల్లలిద్దరి చేతులూ నా చేతుల్లోనే పెట్టింది. నేను పెట్టిన ముహూర్తాలకు ఎన్ని పెళ్లిళ్లు జరిగాయో. ముహూర్తం నాది, నేను మాత్రం ఆ వేళకు వంటింటి వెనక అప్పడాలు వేయిస్తూ ఉండేదాన్ని. తలంబ్రాల చప్పుడు, బాజాలు వినిపించేవి, తాళి వేళకు పడిందా లేదా అని చెవితోనే చూసేదాన్ని. అయినా గర్వంగానే ఉండేది, అబద్ధం ఎందుకు. నాకున్న కుర్చీ అదొక్కటే. ఎవరైనా ఆ కుర్చీ లాగేస్తారేమోనని దాన్ని వదిలి లేచేదాన్నే కాదు.

“టోకెన్ పిలుస్తాండ్రా?” అని అన్నయ్య అడిగాడు. ఆయన అడిగింది ఏ టోకెనో, బ్యాంకు అనుకున్నాడో, దవాఖాన అనుకున్నాడో. “ఇంకా పిలువలేదు బాపూ” అన్నాడు సదానందం, అని ఊరుకోడు వీడు, మళ్లీ మొదలుపెట్టాడు, “పేరడుగుతే పేరు చెప్పు, ఎవరికిస్తున్నవంటె అత్తకు, అనసూయకు అని చెప్పు, ఏది చెప్పు?” అంటూ. బడిలో వేసేముందు పిల్లాడికి నేర్పినట్టు. ఆటోలో కూడా ఇదే పాఠం. “బందు చెయ్యి కొడుకా” అన్నాను. వాడు నా కోసమే తాపత్రయపడుతున్నాడు, తెలుసు, కానీ అన్నయ్యకు పాఠం చెప్పడం చూడలేను. వీధిలో బేరానికి ఆయన ముందు నోరెత్తగలిగినవాడు లేడు. ఎంత పొడవు తాడైనా చేతులు చాచి బార వేసి కొలిస్తే టేపు పెట్టి చూసుకున్నవాళ్లు సిగ్గుపడాల్సిందే. ఆయన బార తప్పడంతోనే నాకు అనుమానం రావాల్సింది. కొలిచిన తాడునే మళ్లీ కొలిచేవాడు, ఎన్ని బారలో నన్ను అడిగేవాడు. దుకాణం తాళంచెవి బియ్యం డబ్బాలో దొరికింది. వయసు మీద పడితే ఎవరికుండదు మతిమరుపు అని నవ్వేసుకున్నాం, నేనే ఎక్కువ నవ్వాను.

అంతకు ముందే, అంటే బార తప్పకముందే, ఓంప్రకాశ్ వకీలు ఇంటికి వచ్చాడు. అన్నయ్యే పిలిపించాడు. ఇద్దరూ చిన్నప్పటి దోస్తులు, అరుగు మీద కూర్చుంటే వాళ్ల మాటలకు అంతుండదు. ఆ రోజు మాత్రం పనిమీద కూర్చున్నారు. రెండు గదులు అనసూయ పేర రాయాలి, తను ఉన్నన్నాళ్లు ఆమె దగ్గరే ఉండాలి, తనను అక్కడి నుంచి ఎవరూ కదపకూడదు, ఇదీ అన్నయ్య కోరిక. వకీలు కళ్లజోడు తుడుచుకుని, “ఆమె నిన్ను చూసుకోకపోతే కాయితం రద్దయ్యేటట్టు ఒక షరతు గూడ రాయొచ్చు” అన్నాడు. “అది నన్ను చూసుకోకపోతదా! ఆ షరతు నా మీద రాయి, నేను దాన్ని చూసుకోకపోతే అని” అన్నాడు అన్నయ్య, ఇద్దరూ పగలబడి నవ్వారు. నేను గుమ్మం లోపల నిలబడి విన్నాను, నాకూ నవ్వొచ్చింది, కళ్లు తుడుచుకున్నాను. అప్పుడు వకీలు అన్నాడు, “సారంగపాణీ, దానపత్రానికి ఆఫీసుకు పోవాలె, టైం పడ్తది. ముందు ఒక వీలునామా రాసుకుందాం, తెల్లకాయితం చాలు, నువ్వు సంతకం పెట్టు, ఇద్దరు సాక్షులు పెడ్తరు. ఇప్పుడే, ఈ అరుగు మీదనే అయిపోతది.” అన్నయ్య జేబులోంచి పెన్ను కూడా తీశాడు. తీసి, అలవాటు కదా, గుమ్మం వైపు తిరిగాడు. “అనసూయా, ఇయ్యాల రోజెట్లున్నది?” అన్నాడు.

ఇప్పుడు ఆ గుమ్మం దగ్గరికి వెళ్లి ఆ అనసూయ నోరు మూయాలనిపిస్తుంది. ఏమందో ఆవిడ! మూఢంలో కాగితాలేమిటన్నా అంది. అందులోనూ వీలునామా ఏమిటి, మనిషి గుండ్రాయిలా ఉండగా అపశకునం మాటలు అంది. మూఢం వెళ్లనీ, నిదానంగా మంచి రోజు చూసి దానపత్రమే రాసుకుందాం, ఏం ఫికర్ లేదు అంది. మూఢంలో పెళ్లి చేయరు, ఇల్లు చొరబడరు, సరే, చెల్లెలికి రెండు గదులిస్తూ సంతకం పెట్టకూడదని ఏ పంచాంగంలో రాశారు? ఎక్కడా రాయలేదు. నాకే తెలుసు రాయలేదని. నా కోసం జరిగే పని కాబట్టి నేనే తొందరపడితే బాగుండదనే మొహమాటం ఒకటి, అది నిజమే. కానీ లోపల ఇంకోటుంది, మా వకీలంతటివాడు చెప్పినా నేను ఊ అంటేనే ఈ ఇంట్లో పెన్ను కదులుతుందనే ముచ్చట, అదీ నిజమే. అన్నయ్య పెన్ను మూత పెట్టి జేబులో పెట్టేశాడు. “అనసూయ చెప్పినంక ఇగ తిరుగులేదు” అన్నాడు. వకీలు నా వైపు చూసిన చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు. మూఢం వెళ్లేసరికి ఆషాఢం వచ్చింది. శ్రావణంలో రోజు పెడితే అన్నయ్యకు జ్వరం తగిలింది. తర్వాత పెద్దల పక్షాలు, ఆ తర్వాత పాలివాళ్లలో ఎవరో పోయి మైల. ఒక్కో వంక చెబుతుంటే ఒక్కోసారి ఆయన సరేననేవాడు, పోనుపోను దేనికి సరేనంటున్నాడో ఆయనకే తెలియకుండా పోయింది. తాళ్ల దుకాణం మూతపడి ఫోన్ల కొట్టువాళ్లు అద్దెకొచ్చారు. వకీలు మాత్రం ఒక్కటే మాట మీద ఉన్నాడు, “వీలునామా అయినా, దానం అయినా, ఆయన తెలివిల ఉండి ఆయన నోటితోటి చెప్పాలె. లేకపోతే నేనే కాయితం ఎనక్కి తీసుకుంట చెల్లె” అని. ఇవాళ కూడా అదే చెప్పి లోపలికి వెళ్లాడు.

చిన్నవాడు భానుచందర్ హైదరాబాద్ నుంచి వచ్చి చూసి వెళ్లాడు. వాడు చెడ్డవాడేమీ కాదు, వాడికీ నేనే అన్నం తినిపించాను. లెక్క మనిషి, అంతే. కోర్టులో వేసుకుని బాపుకు గార్డియన్‌గా ఉంటాను, ఇల్లు అమ్మేద్దాం, ఇలాంటివాళ్లను చూసుకునే హోములున్నాయి, నర్సులుంటారు, ఏసీ గదులు అని ఫోన్‌లో ఫోటోలు చూపించాడు. తెల్లటి మంచాలు, తెల్లటి గోడలు, గోడకు క్యాలెండర్ కూడా లేదు. “మరి అత్త?” అని సదానందం అడిగాడు. “అత్తకేం, నీ దగ్గరుంటది, లేకపోతే నా దగ్గరుంటది” అన్నాడు. సదానందానికి కాజీపేటలో రైల్వే క్వార్టరు, ఇద్దరు పెళ్లీడు పిల్లలు. ఎవరింట్లోనైనా ఓ మూల చాప వేసుకోగలను, నా బాధ అది కాదు. కొత్త చోట అన్నయ్య పొద్దున లేచి, రోజెట్లున్నదని ఎవరిని అడుగుతాడు? నర్సు ఏం చెబుతుంది?

పిలిచారు. సదానందం ఒక చేయి, నేనొక చేయి పట్టుకుని లేపాం. ఆ జంట పక్కకు జరిగి దారిచ్చింది. లోపల ఆఫీసరమ్మ, మా సదానందం కంటే చిన్నదే, లేచి నిలబడి కుర్చీ చూపించింది, మంచి పిల్ల. వకీలు కాగితాలు ముందు పెట్టాడు. “మీ పేరేంటి పెద్దాయనా?” అంది. సదానందం నోరు తెరవబోతే చేత్తో ఆపింది. అన్నయ్య తువ్వాలు భుజం మీద వేసుకున్నాడు, నిటారుగా కూర్చున్నాడు, బేరగాడు వచ్చాడనుకున్నాడో ఏమో. “సారంగపాణి. మట్టెవాడ. తాళ్ల దుకాణం.”

“ఇక్కడికి ఎందుకొచ్చిన్రు?”

“అర్రలు రాసేటందుకు. ఎన్క రెండు అర్రలు.”

“ఎవరికి?”

“అనసూయకు. మా చెల్లె.”

దేవుడా, చెప్పాడు, తడుముకోకుండా చెప్పాడు. పోయినకాలమంతా మాఫీ అయిపోయింది, నా మూర్ఖత్వం మీద కూడా ఎవరో దయ తలిచారు. వకీలు ముఖం విప్పారింది. ఆఫీసరమ్మ నవ్వి మిషను ఇటు తిప్పింది. “అయితే ఇక్కడ వేలు పెట్టండి.” అన్నయ్య చేయి చాచాడు. చాచిన చేయి మిషను మీద ఆగి, వెనక్కి వచ్చి ఒళ్లో పడింది. సదానందం వైపు తిరిగి, “అనసూయను అడిగినవారా, ఇయ్యాల రోజెట్లున్నదో?” అన్నాడు.

“అత్త గీడనే ఉన్నది బాపూ” అన్నాడు వాడు. నేను ముందుకు వంగాను. “మంచిగున్నదన్నా. మస్తు మంచిరోజు. పెట్టు” అన్నాను. అన్నయ్య నన్ను చూశాడు. తీరిగ్గా, మర్యాదగా, పరాయి ఆడమనిషిని చూసినట్టు చూశాడు. “నువ్వెవరమ్మా?” అన్నాడు. “నేనే అన్నా, అనసూయను.” “కాదమ్మా” అన్నాడు, నేను నొచ్చుకుంటానేమోనని మెల్లగా, “మా అనసూయ చిన్నది. సన్నగుంటది. అది చెప్పకుంట నేను ఏ పనీ మొదలువెట్ట.” భుజం మీది తువ్వాలు ఒళ్లోకి లాక్కుని రెండు చేతులూ దాని కింద దాచుకున్నాడు. సదానందం బతిమాలాడు. వకీలు “సారంగపాణీ” అని పిలిచాడు. చేయి పట్టుకుని లాగొచ్చు, బలం లేని చేయి, వస్తుంది. సదానందం పట్టుకోబోయాడు కూడా. “ముట్టకు” అన్నాను. అంత గట్టిగా ఎందుకన్నానో.

ఆఫీసరమ్మ కాగితాలు సర్దింది. “ఆయన మనసుల ఏమున్నదో నాకు అర్థమైతాందమ్మా. కానీ ఇచ్చేదెవరికో ఆ మనిషినే గుర్తువడుతలేడు, చెయ్యి దాచుకుంటాండు. నేనెట్ల పెట్టిస్త? డాక్టర్ సర్టిఫికెట్ తోటి ఇంకోసారి రండ్రి.” వకీలుకు ఇస్తూ, నా వైపు చూసి, “పొద్దున తీస్కరండ్రి” అంది. నేను తల ఊపాను. వకీలు తల ఊపలేదు, ఆ సర్టిఫికెట్ డాక్టరు ఇవ్వడని ఆయనకు తెలుసు, మొన్న ఆయనే అడిగి వచ్చాడు.

సదానందం ఆటో కోసం రోడ్డు మీదికి వెళ్లాడు. నేను అన్నయ్యను పట్టుకుని మెట్ల మీద నిలబడ్డాను. ఎండ చురచురమంటోంది, ఆ జంట ఫోటో దిగుతోంది. అన్నయ్య నా చేతికేసి చూసి, జాలిపడ్డాడు కాబోలు, మాట కలిపాడు. “ఏమనుకోకమ్మా. దాని మాట నాకు గురి. దానికి ఈ రెండర్రలు రాసిస్తే నాకు ఇగ ఫికర్ లేదు. అది ఒక్కతే ఉంటది, ఎవ్వరు లేరు దానికి” అన్నాడు. “నీకు కనవడితే జర అడుగు, రోజెట్లున్నదని.”

నాకు ఏడుపు వచ్చింది, వస్తే రానీ అనుకున్నాను, కొంగుతో తుడుచుకోలేదు. ఆ అరుగు మీద, ఆ పెన్ను ముందు అనాల్సిన మాట ఇప్పుడైనా అనాలనిపించింది. “అడిగినన్నా. ఏ రోజైనా మంచిరోజేనన్నది. ఇప్పుడే పెట్టుమన్నది” అన్నాను.

అన్నయ్య తల అడ్డంగా ఊపాడు.

“అట్లనదమ్మా మా అనసూయ” అన్నాడు.